పుట్టుక చెరగదు... పీట దక్కదు!

యేసును మెస్సీయ అని నమ్మిన యూదుడు ఇంకా యూదుడేనా? యూదుల ధర్మశాస్త్రాన్ని అడిగితే ఔనంటుంది. ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు కాదంది. హిట్లర్ పోలీసులైతే ఆ ప్రశ్నే అడగలేదు. రెండు వేల ఏళ్లుగా తెగని ఈ తగవు వెనక ఒక జాతి పడ్డ గాయాలున్నాయి. ఒక సన్యాసి చేసిన సాహసమూ ఉంది.

కార్మెల్ కొండ మీది సన్యాసి

ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న కార్మెల్ కొండ మీద స్టెల్లా మారిస్ అనే క్యాథలిక్ మఠం ఉంది. 1959లో పోలెండ్ నుంచి ఒక సన్యాసి అక్కడికి వచ్చాడు. మఠంలో ఆయన పేరు బ్రదర్ డేనియల్. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఓస్వాల్డ్ రుఫైసెన్.

ప్రపంచంలో ఏ మూల ఉన్న యూదుడైనా ఇజ్రాయెల్‌కు వచ్చి స్థిరపడవచ్చని 1950లో ఆ దేశం ఒక చట్టం చేసింది. దాని పేరు 'లా ఆఫ్ రిటర్న్'. దాని కిందే తనకూ వలస ధ్రువపత్రం ఇవ్వమని బ్రదర్ డేనియల్ అర్జీ పెట్టుకున్నాడు. గుర్తింపు కార్డులో మతం గడిలో క్యాథలిక్ అని రాసుకోండి, జాతి గడిలో మాత్రం యూదు అని రాయండి అన్నాడు.

అధికారులు కుదరదన్నారు. తాను యూదుణ్నని నిజాయతీగా ప్రకటించుకోవడంతో పాటు వేరే మతంలో లేనివారినే యూదులుగా నమోదు చేయాలని అప్పటికే ప్రభుత్వ ఆదేశం ఉంది. పౌరసత్వం కావాలంటే విదేశీయులందరిలా మామూలు దారిలో దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఆయనకు కావాల్సింది పౌరసత్వం ఒక్కటే కాదు. సొంత ఇంటికి చుట్టంలా రావడం ఆయనకు ఇష్టంలేదు. అందుకే సుప్రీంకోర్టు గడప తొక్కాడు.

ఆయన పట్టుదల అర్థం కావాలంటే అక్కణ్నుంచి ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మిర్ కోటలో ఆ రాత్రి

రుఫైసెన్ 1922లో దక్షిణ పోలెండ్‌లోని ఒక పల్లెలో యూదు కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలోనే జియోనిస్టు యువజన సంఘంలో చేరాడు. ఎప్పటికైనా పాలస్తీనా వెళ్లి అక్కడ బతకాలన్నది ఆ పిల్లల కల. 1939లో జర్మన్ సైన్యం పోలెండ్ మీద పడింది. తూర్పుకు పారిపోతూ పారిపోతూ, చివరికి ఇప్పటి బెలారస్‌లో ఉన్న మిర్ అనే చిన్న పట్టణం చేరాడు. జర్మన్ భాష బాగా వచ్చు. యూదుణ్నన్న సంగతి దాచిపెట్టి పోలీసు ఠాణాలో దుబాసీగా కుదిరాడు.

మిర్‌లో మిగిలిన యూదులను 1942 నాటికి ఊళ్లోని పాత కోటలో బంధించి ఉంచారు. పోలీసు యూనిఫాంలో తిరిగే ఈ కుర్రాడు ఠాణా నుంచి ఒక్కొక్క తుపాకీ చొప్పున దొంగచాటుగా ఆ కోటలోకి చేరవేసేవాడు. ఆగస్టు 13న కోటలో ఉన్నవాళ్లందరినీ చంపేయబోతున్నారని దుబాసీకి తెలిసింది. లోపలివాళ్లకు ఆ తేదీ చెప్పాడు. ఆగస్టు 9 రాత్రి, అడవిలోని గెరిల్లాలు ఫలానా దిక్కు నుంచి వస్తున్నారంటూ పై అధికారికి దొంగ కబురు అందించాడు. పోలీసులు అటు పరుగెత్తారు. ఇటు సుమారు మూడు వందల మంది కోట దాటి అడవిలో కలిసిపోయారు. పారిపోలేక ఉండిపోయినవారిని నాలుగు రోజుల తర్వాత చంపేశారు.

ఈ పని చేసింది దుబాసీయేనని బయటపడింది. పోలీసు అధికారి నిలదీస్తే తుపాకులు చేరవేసింది నేనే అని ఒప్పుకున్నాడు. ఎందుకు చేశావంటే 'నేను యూదుణ్ని' అన్నాడు. అదను చూసి తప్పించుకుని, ఠాణా పక్కనే ఉన్న సన్యాసినుల మఠంలో తలదాచుకున్నాడు. అక్కడే కొత్త నిబంధన చదివాడు, బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన దృష్టిలో అది తన జాతిని వదిలిపెట్టడం కాదు. శిలువ మీద చనిపోయినవాడూ యూదుడే కదా అన్నది ఆయన వాదన.

ఆ తర్వాత అడవిలోకి వెళ్తే గెరిల్లాలు ఆయన్ను జర్మన్ల మనిషి అనుకుని కాల్చేయబోయారు. మిర్ నుంచి బతికి బయటపడ్డ యూదులు సాక్ష్యం చెప్పి కాపాడారు. యుద్ధం ముగిశాక పోలెండ్‌లో కార్మెలైట్ సన్యాసుల్లో చేరాడు.

మిర్‌లో యూదులు కోట దాటిన ఆ ఆగస్టు 9నే పోలెండ్‌లో ఇంకో సంఘటన జరిగింది. ఎడిత్ స్టైన్ యూదు కుటుంబంలో పుట్టిన జర్మన్ తత్వవేత్త. 1922లో క్యాథలిక్ అయింది. 1933లో కార్మెలైట్ సన్యాసిని అయింది. నెదర్లాండ్స్‌లోని మఠం నుంచి నాజీలు ఆమెను పట్టుకెళ్లి ఆష్విట్జ్‌లో విషవాయువుతో చంపారు. ఆమె చనిపోయిన తేదీ 1942 ఆగస్టు 9 అని చెబుతారు. మెడలో శిలువ ఉందా లేదా అని అక్కడ ఎవరూ చూడలేదు. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలకు తాతలు, బామ్మలు ఎవరన్నదే లెక్క. హంతకుడి జాబితాలో మతం మార్చుకున్న యూదుడు యూదుడే.

నలుగురు ఒకవైపు, ఒక్కరు ఒకవైపు

బ్రదర్ డేనియల్ కేసులో 1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. అయిదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు కాదన్నారు. ప్రధాన తీర్పు రాసిన మోషే సిల్బెర్గ్ ధర్మశాస్త్రం లోతుగా చదువుకున్న మనిషి. శాస్త్రం ప్రకారమైతే బ్రదర్ డేనియల్ యూదుడేనని ఆయన తేల్చి చెప్పాడు. అయితే లా ఆఫ్ రిటర్న్ పార్లమెంటు చేసిన లౌకిక చట్టమనీ, అందులో యూదు అన్న మాటకు సామాన్య జనం చెప్పుకునే అర్థమే తీసుకోవాలనీ అన్నాడు. క్రైస్తవం పుచ్చుకున్నవాణ్ని ఏ సామాన్య యూదుడూ యూదుడు అనడు కాబట్టి ఈ చట్టం ఆయనకు వర్తించదన్నాడు. తన జాతివాళ్ల ప్రాణాలు కాపాడిన ఆ మనిషి పట్ల గౌరవాన్ని ఆయన దాచుకోలేదు.

మత రాజ్యమైతే లోపలికి రానిచ్చేది, లౌకిక రాజ్యం కాబట్టి రానివ్వలేదు. మతం మొండిగా ఉంటుంది, లౌకిక చట్టం ఉదారంగా ఉంటుంది అనుకునే మన లెక్కను తలకిందులు చేసిన తీర్పు ఇది.

హైమ్ కోన్ అనే న్యాయమూర్తి ఒక్కరే విభేదించారు. మత గురువుల కొలబద్దను పక్కన పెట్టాక మిగిలేది మనిషి మనస్ఫూర్తిగా చెప్పిన మాటే కదా, ఇంటికొచ్చానని తలుపు తట్టినవాడికి తలుపు తీయాలి కదా అన్నది ఆయన అభిప్రాయం. బ్రదర్ డేనియల్ చివరికి మామూలు దరఖాస్తుతోనే ఇజ్రాయెల్ పౌరుడయ్యాడు.

తిలోదకాలిచ్చినా తెగని పేగు

సిల్బెర్గ్ చెప్పిన ఆ ధర్మశాస్త్రం పేరు హలఖా. యూదు తల్లికి పుట్టినవారు, లేదా శాస్త్ర ప్రకారం యూదు మతంలోకి వచ్చినవారు యూదులు. ఒకసారి యూదుడైతే ఎప్పటికీ యూదుడే. పాపం చేసినా ఇజ్రాయెలు ఇజ్రాయెలే అన్న భావం యూదుల తాల్మూద్ గ్రంథంలో ఉంది. పదకొండో శతాబ్దపు మహా పండితుడు రాషీ ఆ మాటను మతం మారినవారికి వర్తింపజేశాడు. యూదు జీవితంలో దీనికి సూటి ఫలితాలున్నాయి. మతం మారిన యూదుడి పెళ్లి పెళ్లిగానే ఉంటుంది. అతను 'గెట్' అనే విడాకుల పత్రం ఇస్తే తప్ప భార్య మళ్లీ పెళ్లి చేసుకోలేదు. మతం మారిన యూదు స్త్రీకి పుట్టిన బిడ్డ యూదు బిడ్డే. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదన్న మన సామెత హలఖాకు అక్షరాలా సరిపోతుంది.

అలాగని వాళ్లకు పీట వేసి కూర్చోబెట్టరు. సామూహిక ప్రార్థనకు కావాల్సిన పదిమందిలో మతం మారినవాణ్ని లెక్కపెట్టరు. ధర్మగ్రంథమైన తోరా చదవడానికి పిలవరు. అతని సాక్ష్యం చెల్లదు. అలాంటివాణ్ని 'మెషుమద్' అంటారు. ఆ మాటలోనే నాశనమైపోయినవాడు అన్న భావం ఉంది. కొన్ని ఇళ్లలో కొడుకు క్రైస్తవం పుచ్చుకున్నాడని తెలిస్తే చనిపోయినవారికి పాటించినట్టే ఏడు రోజుల 'షివా' పాటించేవారు. బట్టలు చించుకుని, అద్దాలు కప్పేసి, నేలకు దగ్గరగా ఎత్తు తక్కువ పీటల మీద కూర్చునేవారు. మన దగ్గర బతికున్న కొడుక్కి తిలోదకాలిచ్చినట్టే.

ఆ కొడుకే తిరిగొస్తే? కొత్తగా మతం పుచ్చుకునేవాళ్ల తంతు అతనికి అక్కర్లేదు. బయటివాడు లోపలికి రావాలంటే కదా ఆ తంతు! అతను ఎన్నడూ పూర్తిగా బయటికి పోలేదు.

ఆ కోపం ఊరికే రాలేదు

దేవుణ్ని నమ్మని యూదుణ్ని యూదు సమాజం మనవాడే అంటుంది. బౌద్ధ ధ్యానం చేసేవాణ్నీ పెద్దగా పట్టించుకోదు. యేసు పేరెత్తితే మాత్రం తలుపు ధడాలున మూసుకుంటుంది. 2013లో అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అక్కడి యూదులను ఇదే అడిగింది. దేవుణ్ని నమ్మకపోయినా యూదుడు కావచ్చని 68 శాతం మంది చెప్పారు. యేసును మెస్సీయగా నమ్మినా యూదుడు కావచ్చన్నవారు 34 శాతమే.

దీన్ని మూర్ఖత్వం అనేయడం తేలిక. యూరప్ చరిత్ర చదివినవారు అంత తేలిగ్గా అనలేరు. 1391లో స్పెయిన్‌లో మూకలు యూదుల వాడల మీద పడ్డాయి. చస్తావా, బాప్తిస్మం తీసుకుంటావా అన్నారు. వేలమంది తీసుకున్నారు. తర్వాతి తరాల్లో వాళ్ల పిల్లలను, నిజంగా క్రైస్తవులేనా, శుక్రవారం సాయంత్రం చాటుగా యూదుల్లా దీపాలు వెలిగిస్తున్నారా అంటూ ఇంక్విజిషన్ అనే మత విచారణ సంస్థ వేధించింది. 1492లో మిగిలిన యూదులను దేశం నుంచే తరిమేశారు. 1858లో ఇటలీలోని బొలోన్యాలో ఎడ్గార్డో మోర్తారా అనే ఆరేళ్ల పిల్లాణ్ని పోప్ పోలీసులు ఇంటి నుంచి లాక్కుపోయారు. పసితనంలో జబ్బు చేసినప్పుడు ఆ ఇంటి పనిమనిషి రహస్యంగా బాప్తిస్మం ఇచ్చిందట. బాప్తిస్మం చెరగదు కాబట్టి క్రైస్తవ బిడ్డ యూదు ఇంట్లో పెరగకూడదన్నారు. ఆ తల్లిదండ్రులు ఎంత మొత్తుకున్నా బిడ్డను తిరిగివ్వలేదు.

యూదులకు పుట్టుక చెరగదు. చర్చికి బాప్తిస్మం చెరగదు. ఈ రెండు చెరగని గుర్తుల మధ్య నలిగిపోయిన కుటుంబాలు ఎన్నో. తాతలు ప్రాణాలిచ్చి మరీ వద్దనుకున్నదాన్ని మనవడు ఇష్టపడి తీసుకుంటే, ఇంట్లోవాళ్లకు అది మతం మార్పులా కనిపించదు. శత్రువు వైపు వెళ్లిపోయినట్టు కనిపిస్తుంది.

మెస్సీయను నమ్మడమే తప్పా?

కాదు. మెస్సీయ వస్తాడని నమ్మడం యూదు మతంలోని మూలసూత్రాల్లో ఒకటి. హీబ్రూలో 'మషియాహ్' అంటే అభిషిక్తుడు. మన తెలుగు బైబిల్లో 'మెస్సీయ' అయింది అదే. 'క్రీస్తు' అన్నా గ్రీకులో అదే అర్థం. యేసును మొదట నమ్మినవాళ్లందరూ యూదులే. ఆయన శిష్యులు యూదుల దేవాలయంలోనే ప్రార్థనలు చేశారు. అవి రెండు మతాలుగా విడిపోవడానికి కొన్ని తరాలు పట్టింది.

మెస్సీయ విషయంలో పొరపడ్డ యూదులు ఇంకా ఉన్నారు. క్రీ.శ. 132లో రోమన్ల మీద తిరగబడ్డ బర్ కోఖ్బాను, మహా పండితుడు రబ్బీ అకీవా మెస్సీయగా భావించాడు. మూడేళ్లలో తిరుగుబాటు రక్తపుటేరుల్లో ముగిసింది. అకీవా గౌరవం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. 1665లో ఇజ్మీర్‌కు చెందిన సబ్బతాయ్ జ్వీని యూరప్, ఆసియాల్లోని లక్షల మంది యూదులు మెస్సీయ అన్నారు. మరుసటి ఏడాది ఒట్టోమన్ సుల్తాను ఎదుట అతను ఇస్లాం పుచ్చుకున్నాడు. చాలామంది సిగ్గుతో తలదించుకుని పాత బతుకులోకి వచ్చేశారు. కొన్ని వందల కుటుంబాలు మాత్రం అతని వెంటే వెళ్లాయి. బయటికి ముస్లింలుగా, లోపల సబ్బతాయ్ భక్తులుగా సలోనికా నగరంలో బతికాయి. టర్కీలో వీరిని 'దోన్మె' అంటారు. 1923 ఒప్పందం ప్రకారం గ్రీసు, టర్కీ జనాలను మార్చుకున్నప్పుడు ముస్లింలుగా లెక్కేసి వీరిని టర్కీకి పంపేశారు. ఇరవై ఏళ్ల తర్వాత నాజీలు సలోనికా యూదులను దాదాపు తుడిచిపెట్టేశారు.

మన కాలంలోనే మరో ఉదాహరణ ఉంది. న్యూయార్క్‌లోని ఖబాద్ అనే యూదు శాఖ గురువు మెనాఖెం మెండెల్ ష్నీర్సన్ 1994లో కన్నుమూశారు. ఆయనే మెస్సీయ, మళ్లీ వస్తారు అని నమ్మే శిష్యులు ఈనాటికీ ఉన్నారు. చనిపోయినవాడు మెస్సీయ కావడం యూదు సంప్రదాయం కాదని డేవిడ్ బెర్గర్ అనే పండితుడు 2001లో పుస్తకమే రాశారు. అయినా వాళ్లు యూదులు కారని ఎవరూ అనలేదు. వాళ్లు విశ్రాంతి దినం తప్పరు. ధర్మశాస్త్రం ఒప్పుకున్న కోషర్ తిండే తింటారు. వాళ్ల పిల్లలు యూదులనే పెళ్లాడతారు.

దీన్నిబట్టి ఒకటి తేలుతుంది. మెస్సీయను తప్పుగా గుర్తించినందుకు యూదు సమాజం ఎవరినీ వెలివేయదు. మనిషిని దేవుడిగా కొలిచి, వేరే మతం గుడికి వెళ్లి, ఆ మతంలోకి తోటివారిని పిలిచినప్పుడే వెలివేస్తుంది.

చట్టం గీసిన గీత

బ్రదర్ డేనియల్ కేసులో సామాన్యుడి మాటగా చెప్పింది 1970లో చట్టమైంది. యూదు తల్లికి పుట్టినవారో, యూదు మతంలోకి వచ్చినవారో అయ్యుండి, వేరే మతంలో లేనివారే యూదులని లా ఆఫ్ రిటర్న్‌కు సవరణ చేశారు. యూదుల పిల్లలకు, మనవలకు, వారి జీవిత భాగస్వాములకూ వలస హక్కు ఇచ్చారు. తనంతట తాను మతం మార్చుకున్న యూదుడికి మాత్రం ఇవ్వలేదు.

అదే రోజుల్లో అమెరికాలో కొత్త గొంతు లేచింది. 1973లో మోయిషే రోజెన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 'జ్యూస్ ఫర్ జీసస్' సంస్థ పెట్టాడు. మెస్సియానిక్ యూదులుగా పేరుపడ్డ ఇలాంటివారు శనివారం ప్రార్థిస్తారు, పస్కా పండుగ చేస్తారు, హీబ్రూలో పాడతారు. యేసును 'యేషువా' అంటారు. మేం మతం మారలేదు, మా మెస్సీయను గుర్తుపట్టాం అంటారు. ఇజ్రాయెల్‌కు వచ్చిన బెరెస్‌ఫర్డ్ దంపతులు ఈ వాదంతోనే కోర్టుకెళ్లారు. మీరు వేరే మతంలో ఉన్నట్టేనని 1989లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

2008లో మరో మలుపు. తల్లి యూదు కాకుండా తండ్రో తాతో యూదులైన కొందరు మెస్సియానిక్ విశ్వాసులకు వలస హక్కు ఉందని అదే కోర్టు ఒప్పుకుంది. వాళ్లు హలఖా ప్రకారం మొదటినుంచీ యూదులు కారు కాబట్టి, యూదు మతాన్ని వదిలేశారనడానికి లేదు. యేసును నమ్మినా యూదుడి మనవడు లోపలికి రావచ్చు. యేసును నమ్మితే యూదు తల్లి కొడుకు రాకూడదు.

చేబ్రోలు పక్కన ఎదురు ప్రయాణం

ఈ కథకు మన గుంటూరు జిల్లాలో ఒక కొస ఉంది. చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో చిన్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం ఉంది. ఒకప్పుడు క్రైస్తవులైన మాదిగ కుటుంబాలు కొన్ని, తాము ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయిన ఎఫ్రాయీము గోత్రం వాళ్లమని 1980ల చివరి నుంచి చెబుతున్నాయి. 'బెనె ఎఫ్రాయీం' అన్న పేరుతో విశ్రాంతి దినం పాటిస్తూ హీబ్రూ నేర్చుకుంటున్నాయి. అక్కడ యూదుడు క్రీస్తు దగ్గరికి వెళ్తే ఇక్కడ క్రైస్తవులు యూదు గడపకు వస్తున్నారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై ఒక పుస్తకమే రాశారు. ఇజ్రాయెల్ మాత్రం వీరిని యూదు సమూహంగా ఇంకా గుర్తించలేదు.

మహారాష్ట్ర తీరంలోని బెనె ఇజ్రాయెల్ వారికీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. తరతరాలుగా యూదులుగా బతికి ఇజ్రాయెల్ చేరితే, మిగతా యూదులతో వారి పెళ్లిళ్లకు మత పెద్దలు అడ్డంకులు పెట్టారు. నిరసనలు చెలరేగాక, వారు అన్ని విధాలా యూదులేనని 1964లో ఆ దేశ పార్లమెంటు ప్రకటించాల్సి వచ్చింది.

పుట్టుకకూ మతానికీ ముడిపెట్టి కాగితం రాయడం మనకూ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులం హోదా ఉండదు. క్రైస్తవం పుచ్చుకున్న మాదిగ దంపతుల బిడ్డ తిరిగి హిందువై గుంటూరు మెడికల్ కాలేజీలో రిజర్వేషన్ సీటు అడిగితే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కులంవాళ్లు మళ్లీ తమవాడిగా చేర్చుకుంటే కులం తిరిగొస్తుందని 1976లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. జెరూసలేమైనా గుంటూరైనా న్యాయమూర్తులు ఒక్కచోటికే వచ్చి ఆగారు: పదిమందీ ఏమంటున్నారు?

రెండు ప్రశ్నలు, రెండు జవాబులు

ఇంత చరిత్ర చూశాక నాకు తోచింది సూటిగా చెబుతాను. 'యూదుడేనా' అన్న ఒక్క మాటలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఇతను ఆ జాతి బిడ్డేనా? ఆ ధర్మంలో ఉన్నాడా? రెండో ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు పూర్తిగా యూదు సమాజానిదే. సినగాగ్‌లో ఎవరిని కూర్చోబెట్టాలో, ఎవరు తోరా చదవాలో బయటివారు చెప్పకూడదు. ముఖ్యంగా అన్ని శతాబ్దాలు వాళ్లను బాప్తిస్మానికి ఈడ్చుకెళ్లినవారి వారసులు అసలే చెప్పకూడదు. యూదు వేషభాషలతో యూదులకు మతబోధ చేస్తుంటే వాళ్లకు కోపం రావడం న్యాయమే.

మొదటి ప్రశ్న అలాంటిది కాదు. బ్రదర్ డేనియల్ సినగాగ్‌లో పీట అడగలేదు. జాతి గడిలో ఒక్క మాట రాయమన్నాడు. జర్మన్ అధికారి ఎదుట ప్రాణాన్ని పణంగా పెట్టి చెప్పిన ఆ మాటను సొంత రాజ్యం నమోదు చేసుకోలేకపోయింది. అక్కడ హైమ్ కోన్ మాటే నిలవాల్సింది.

అలా నిలవగలదని పారిస్ చూపించింది. ఆ నగర ఆర్చ్‌బిషప్‌గా పనిచేసిన కార్డినల్ జాన్-మరీ లుస్తిజే యూదుడిగా పుట్టి 1940లో క్యాథలిక్ అయినవాడు. ఆయన తల్లి ఆష్విట్జ్‌లో చనిపోయింది. తాను యూదుణ్నని ఆయన చివరిదాకా చెప్పుకున్నాడు. కాదని వాదించిన రబ్బీలూ ఉన్నారు. 2007 ఆగస్టులో అంత్యక్రియల రోజున శవపేటికను నోత్రదామ్ చర్చి బయట ఆపారు. చనిపోయిన యూదుడి కోసం బంధువులు చదివే 'కద్దిష్' ప్రార్థనను అక్కడే చదివారు. ఆ తర్వాత చర్చి తన పద్ధతిలో సాగనంపింది. ఎవరి గడప వారిదిగానే ఉంది. పుట్టుకను మాత్రం ఆ రోజు ఎవరూ కాదనలేదు.

బ్రదర్ డేనియల్ 1998లో హైఫాలోనే కన్నుమూశాడు. కార్డులో ఆయన అడిగిన మాట రాయలేదు. మిర్ కోట నుంచి బతికి బయటపడ్డవారు మాత్రం ఆయన్ను చివరిదాకా తమవాడనే అన్నారు.